ఫీజు ఒక్కటే చాలదు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అనంత కరుణామయుడైన అల్లాహ్ పేరుతో ప్రారంభిస్తున్నాను.

విద్యార్థి సహాయం గురించి నాలుగు మాటలు చెప్పమని అధ్యక్షుల వారు కోరారు. చాలా ఏళ్లు వ్యవసాయ విద్యార్థులకు పాఠాలు చెప్పినవాణ్ణి కనుక, నేను దగ్గరగా చూసిన ఒక ఇబ్బందినే మీ ముందు పెడతాను.

ఒక ఏడాది మా తరగతిలో ఒక నూర్ బాషా కుర్రాడు చేరాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఎంట్రన్సులో మంచి ర్యాంకు. ఫీజు ఒక దాత కట్టారు. అయినా మొదటి సెమిస్టరులో మూడు సబ్జెక్టులు తప్పాడు. పత్తి మీద అడిగిన ప్రశ్నకు జవాబు రాయకుండా ఖాళీగా వదిలేశాడు. పిలిచి కూర్చోబెట్టి అడిగాను: "నాన్నా, నూరు కిలోల గింజ పత్తి ఆడిస్తే దూది ఎంత వస్తుంది?" తడుముకోకుండా చెప్పాడు: "ముప్పై నాలుగు, ముప్పై అయిదు కిలోలు వస్తుంది సార్. మా తాత దూదేకేవారు. పింజ లాగి చూసి పొడవు చెప్పేవారు." నేనన్నాను: "పరీక్షలో జిన్నింగ్ పర్సంటేజ్ అని అడిగింది అదే. పింజ పొడవు స్టేపుల్ లెంగ్త్. మీ తాతగారు చేసిన పని కార్డింగ్." వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే నాకు తెలిసిందే అడిగారా సార్?" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

సోదరులారా, స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు పంపితే సరిపోతుందని మనం అనుకుంటాం. అది బస్టాండులో, ఇంటర్వ్యూలో పనికొస్తుంది. శాస్త్రం చదివే ఇంగ్లీషు వేరు. లాడ్జింగ్ అంటే బయట హోటల్ గది; వరి పాఠంలో చేను పడిపోవడం. బ్లాస్ట్ అంటే బయట పేలుడు. వరిలో అగ్గి తెగులు. బూటింగ్ అంటే పొట్ట దశ. సింక్ అంటే వంటింటి తొట్టి కాదు. పర్యావరణ పాఠంలో గాలిలోని కార్బన్‌ను పీల్చి దాచుకునే అడవి, సముద్రం. ప్రయోగ ఫలితాల కింద 'నాన్ సిగ్నిఫికెంట్' అని ఉంటే ముఖ్యం కాదని అర్థం కాదు. కనిపించిన తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి లెక్కల ప్రకారం తగిన ఆధారం లేదని అర్థం. డిక్షనరీ చూసి నేర్చుకునేవాడు ఇక్కడే తప్పుతాడు.

పరీక్ష తప్పితే మళ్లీ రాయవచ్చు. రైతు దగ్గర తప్పితే ఆ పంటకాలం తిరిగి రాదు. ఒక ఉదాహరణ చూడండి. 4 శాతం గుళికల మందు ఉందనుకుందాం. పుస్తకంలో హెక్టారుకు 1 కిలో 'యాక్టివ్ ఇంగ్రీడియంట్' అని ఉంటుంది. అంటే అసలు మందు పదార్థం 1 కిలో. దానికి గుళికలు 25 కిలోలు కావాలి. ఎకరానికి సుమారు 10 కిలోలు. ఆ రెండు మాటలు అర్థం కానివాడు హెక్టారుకు 1 కిలో గుళికలే చాలంటాడు, పురుగు చావదు. హెక్టారును ఎకరం అనుకున్నవాడు ఎకరానికి 25 కిలోలు చల్లమంటాడు. రైతు డబ్బు పోతుంది, నేలా నీరూ పాడవుతాయి. మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద ఉంటుంది. అది సరిగ్గా చదవకపోతే ఆ మందు మన పిల్లల పళ్లెంలోకే వస్తుంది.

ఇంగ్లీషు మీద మోజుతో ఈ మాటలు చెప్పడం లేదు. విద్య ఏ భాషలో ఉంటే ఆ భాష నేర్చుకోవాలి. 12వ శతాబ్దంలో సెవిల్ నగరానికి చెందిన ఇబ్నుల్ అవ్వామ్ అరబీలో 'కితాబుల్ ఫిలాహా' అనే వ్యవసాయ గ్రంథం రాశారు. ఎన్నో వందల ఏళ్ల తర్వాత, 1802లో స్పెయిన్ వారు దాన్ని తమ భాషలోకి తెచ్చుకుని అచ్చువేశారు. ఆనాడు వాళ్లు మన మాటలు నేర్చుకున్నారు. ఈనాడు మన వంతు. వాన పంటకు పదో వంతు, శ్రమపడి నీరు తోడి పండించిన పంటకు ఇరవయ్యో వంతు ఉష్ర్ ఇవ్వాలని మన ధర్మం నేర్పింది. ఆ తేడా చిన్నప్పుడే విన్న పిల్లవాడికి 'రెయిన్‌ఫెడ్', 'ఇరిగేటెడ్' అనే మాటలు కష్టమా? పక్కన కూర్చుని కలిపి చెప్పేవారు కావాలి, అంతే.

కనుక నా విన్నపం ఇది. సీటు వచ్చిన పిల్లలకు, మొదటి సెమిస్టరుకు ముందే మన సంస్థ 30 రోజుల తరగతి పెట్టాలి. రోజుకు పది మాటలు చొప్పున మూడు వందల మాటలు వస్తాయి. ప్రతి మాటకూ మొక్కో, మట్టో, మందు డబ్బా లేబులో ఎదురుగా ఉండాలి. పట్టిక చదవడం, ప్రాక్టికల్ రికార్డు రాయడం నేర్పాలి. చివరగా, చదివినదాన్ని తెలుగులో రైతుకు చెప్పించాలి. కోర్సు చివరి సంవత్సరంలో వాళ్లు గ్రామాల్లో ఉండి చేయవలసిన పని అదే. ఆడపిల్లలు ఇబ్బంది లేకుండా వచ్చి వెళ్లే వేళలు పెట్టాలి.

ఖర్చు పెద్దది కాదు. ఒక గది, ఒక బోర్డు, రిటైరైన ఇద్దరు ఉపాధ్యాయులు. అర్హులైన పిల్లల ఫీజుకు జకాత్ ఉంది. తరగతి ఖర్చులకు మాత్రం సదకా, ఇతర విరాళాలు వాడుదాం. ఏది దేనికి చెల్లుతుందో మన ఉలమాలను అడిగే చేద్దాం. నేను వారానికి మూడు రోజులు వచ్చి ఉచితంగా పాఠం చెబుతాను, ఇన్షా అల్లాహ్.

ఆ కుర్రాడు తప్పిన మూడు సబ్జెక్టులూ తర్వాత పాసయ్యాడు. తెలివి లేక వెనకబడలేదు. మాట తెలియక ఆగిపోయాడు. మీరు ఫీజు కట్టి గుమ్మం దాకా తెచ్చిన పిల్లలు అక్కడే నిలబడిపోకూడదు. లోపలికి నడిపించే పని కూడా మనదే.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక, మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.