పొద్దున పెరిగే బీపీ



ఈ రోజు రక్తపోటు గురించి మాట్లాడుకుందాం. దాన్నే మనం బీపీ అంటాం.

మా పెద్దమ్మకు బీపీ ఉంది. డాక్టరు మాత్రలు రాశారు. నెల రోజులు వేసుకుంది. "బాగానే ఉన్నా కదా, ఇంకా మాత్రలెందుకే?" అని మానేసింది. ఒక రోజు పొద్దున్నే వాకిలి ఊడుస్తూ కూలబడింది. మూతి వంకర పోయింది. కుడి చెయ్యి పడిపోయింది. అదే పక్షవాతం. "రాత్రి బాగానే ఉందే!" అన్నారు అందరూ. మరి పొద్దున ఏమైంది?

గుండె రక్తాన్ని నాళాల్లోకి తోస్తుంది. ఆ రక్తం నాళాల గోడలను నెట్టే ఒత్తిడే బీపీ. నిద్రలో అది తగ్గుతుంది. పగలు 130 ఉంటే నిద్రలో 110 దాకా దిగవచ్చు. తెల్లవారి లేచే వేళకు ఒళ్లు పనికి సిద్ధమవుతుంది. గుండె జోరు పెరుగుతుంది. నాళాలు బిగుసుకుంటాయి. బీపీ పైకి లేస్తుంది. ఇది అందరికీ ఉండేదే. బీపీ జబ్బు ఉన్న కొందరిలో మాత్రం మరీ ఎక్కువగా లేస్తుంది.

ఇంకో సంగతి. డెంగ్యూ జ్వరంలో "ప్లేట్‌లెట్లు పడిపోయాయి" అనడం విన్నారు కదా? అవి రక్తంలోని చిన్న కణాలు. కొడవలి తెగితే రక్తాన్ని గడ్డకట్టించేవి అవే. పరీక్ష కాగితం మీద 1,50,000 నుంచి 4,50,000 దాకా ఉంటే మామూలే. పొద్దున లేచి నిలబడ్డాక ఇవి ఒకదానికొకటి అతుక్కునే గుణం పెరుగుతుంది. ఒక పక్క బీపీ లేస్తుంది. ఇంకో పక్క రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. గుండెపోటు, పక్షవాతం పొద్దున 6 నుంచి 12 గంటల మధ్య ఎక్కువగా రావడానికి ఇవి కూడా కారణాలే.

మరి ప్లేట్‌లెట్ల పరీక్ష చేయిస్తే చాలా? చాలదు. అవి సరిగ్గా ఉన్నా బీపీ ఎక్కువ ఉండవచ్చు. చేతికి పట్టీ కట్టి చూస్తేనే బీపీ తెలుస్తుంది.

మనం ఏం చేయాలి?

30 ఏళ్లు దాటితే ఆరోగ్య ఉపకేంద్రంలో బీపీ చూపించుకోవాలి. పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని ఉంటే డాక్టరును కలవాలి.

ఇంట్లో మిషను ఉంటే పొద్దున మాత్రకు ముందే చూసుకోవాలి. 5 నిమిషాలు కదలకుండా కూర్చుని, తర్వాత చూడాలి.

బాగున్నామని మాత్ర మానకూడదు. మాత్ర వేసుకునే వేళ కూడా డాక్టరును అడిగే మార్చాలి. పక్కింటివాళ్ల మాత్రలు వేసుకోకూడదు.

ఉప్పు తగ్గించాలి. రోజుకు ఒక చిన్న చెంచా మించకూడదు. పచ్చడి, అప్పడం ఉప్పు కూడా అందులోదే.

మూతి వంకరైనా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, గుండెలో నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి.

ఇప్పుడు పెద్దమ్మ మాత్ర మానడం లేదు. రోజూ పొద్దున బీపీ అంకెను క్యాలెండరు మీద ఎడమ చేత్తో రాస్తుంది. అంకెలు వంకరగానే ఉంటాయి. డాక్టరుకు మాత్రం బాగా అర్థమవుతాయి.

మీకూ ఇప్పుడు అంకెలు వచ్చు. మీ అంకె మీరే చదవండి, మీరే రాసుకోండి. సెలవు.