పగడపు గోడను పట్టుకోవద్దు

ఇండోనేషియాలో, సులవేసి ఉత్తర కొసన, మనాడో నగరానికి ఎదురుగా బునాకెన్ అనే చిన్న దీవి ఉంది. 1991 నుంచి అది సముద్ర జాతీయ పార్కులో భాగం. ఒడ్డుకు కొంచెం దూరంలోనే అక్కడ సముద్రగర్భం గోడలా నిట్టనిలువుగా దిగిపోతుంది. ఆ గోడ నిండా పగడాలు. చూడటానికి రాళ్లలా ఉంటాయి, కానీ అవి ప్రాణులు. స్కూబా డైవర్లు వాటి పక్కనే తేలుతూ సాగుతారు. కాళ్ల కింద నేల అందదు. నడుముకు కట్టిన బరువును, జాకెట్‌లోని గాలిని సరిచూసుకోని డైవరు కిందికి జారతాడు. కంగారులో గోడనే పట్టుకుంటాడు. పగడపు కొమ్మ పుటుక్కున విరుగుతుంది. అది ఏడాదికి పెరిగేది కొన్ని సెంటీమీటర్లే. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: నీళ్లలో నిలకడగా తేలడం వచ్చాకే గోడ దగ్గరికి వెళ్లాలి.

సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారి చచ్చిపోతుంటే, ఒక చేయి తగిలితే ఏమవుతుందని కొందరు అడుగుతారు. వేడే పెద్ద శత్రువు, నిజమే. 2016లో ఎన్నో దేశాల తీరాల్లో పగడాలు అలా తెల్లబారడం కనిపించింది. కానీ తెల్లబారిన పగడం వెంటనే చావదు. నీరు త్వరగా చల్లబడితే కోలుకోగలదు. దెబ్బతిన్న పగడానికి ఆ అవకాశం తగ్గిపోతుంది. మన అండమాన్‌లోనూ డైవింగ్ నేర్పేవారున్నారు. వెళ్లేవారు ముందు తేలడం నేర్చుకోండి. పగడాన్ని మాత్రం ముట్టుకోకండి.