మధుమేహము: వడదెబ్బయని పొరబడదగని విపత్తు



కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో వేసవియందు దప్పిక, వాంతి, మగత కనబడినచో వడదెబ్బయని తలచుట పరిపాటి. మధుమేహము గలవారియందును, ఆ వ్యాధి యున్నట్లే యెరుగని బాలురయందును ఇవి వేరొక విపత్తునకు సూచనలు కావచ్చును.

ఇన్సులిను చాలనప్పుడు శరీరము చక్కెరను వినియోగింపజాలక క్రొవ్వును కరగించును. అందుండి పుట్టిన ఆమ్లములు రక్తమున నిండును. కడుపు నొచ్చును, ఊపిరి లోతుగను వడిగను ఆడును, నోట మిగుల మాగిన పండు వాసన వచ్చును. వడదెబ్బలో మూత్రము తగ్గును; ఇందు మొదట దప్పికతోపాటు మూత్రమును విస్తారముగా వెడలును. నోటి వాసననుబట్టి ఇప్పసారా త్రాగెనని నిందించి పండుకొనబెట్టిన యెడల ప్రాణమే పోవచ్చును.

1922లో టొరాంటో నగరమున లెనార్డు థాంప్సను అను 14 ఏండ్ల బాలునికి మొట్టమొదట ఇన్సులిను సూదిమందు నిచ్చి బ్రతికించిరి. నేడది మన జిల్లా ఆసుపత్రులలో లభించును. కావున తెల్లవారువరకు వేచియుండక 108నకు ఫోను చేయుడు. రోగికి మధుమేహ మున్నచో వైద్యునితో మొదటనే చెప్పుడు. అన్నము తినలేదను కారణమున, వైద్యుని యడుగక, ఇన్సులిను మానింపకుడు. గడియ యాలస్యమైనను ముప్పే.