రిటైరయ్యాక మొదటి పడవ

(స్వర్ణోత్సవాల సందర్భంగా "విశ్రాంత జీవితం" గోష్ఠిలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు ఆరోగ్యం గురించి, పొదుపు గురించి, ఆధ్యాత్మిక చింతన గురించి చెప్పారు. నాకు మాత్రం నిర్వాహకులు పడవ గురించి చెప్పమన్నారు. గోదావరి గాలి పీల్చి పెరిగిన మీకు పడవ గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పినట్టే. అయితే నేను చెప్పబోయేది సరంగు నడిపే లాంచీ గురించీ కాదు, రేవు దాటించే నావ గురించీ కాదు. అరవై దాటిన మనిషి తన డబ్బుతో తనే కొనుక్కుని, తనే నడుపుకుంటూ, సాయంత్రం పూట నిలకడ నీటి మీద కాసేపు తిరిగి ఇంటికి వచ్చే చిన్న అల్యూమినియం పడవ గురించి.

ఇది మనకెందుకు అనుకోవద్దు. మన బడిలో చదివి అమెరికా వెళ్లినవాళ్లు ఇప్పుడు వరసగా రిటైరవుతున్నారు. నేనుండే మిన్నెసోటాలో కార్ల నంబరు పలకల మీదే "పదివేల సరస్సులు" అని రాసి ఉంటుంది. పదెకరాలకు పైబడినవి లెక్కవేస్తే 11,842 ఉన్నాయి. ఇంటికి పది నిమిషాల దూరంలో నీళ్లున్నాక, ఉద్యోగం మానేసిన మనిషికి పడవ మీదికి మనసు పోకుండా ఎలా ఉంటుంది? "ఏది కొనమంటావురా?" అని నన్ను అడిగే మిత్రులు ఏటా ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఇక ఇక్కడే ఉన్నవారికి కూడా దీనితో పని ఉంది. అదేమిటో చివర్లో చెబుతాను.

అందరికీ నేను చెప్పేది ఒకే మాట. పడవను మన సరదాను బట్టి కాదు, మన ఒంటిని బట్టి ఎంచుకోవాలి. ఇంట్లో ఉన్న ఇద్దరూ కలిసి మూడో మనిషి సాయం లేకుండా నీళ్లలోకి దించి, మళ్లీ ఒడ్డుకెక్కించగలిగిన పడవే మన పడవ. అంతకు మించినది కొంటే మొదటి ఏడాది నాలుగుసార్లు, రెండో ఏడాది ఒకసారి వాడతాం. మూడో ఏడు నుంచి అది ఇంటి పక్కన టార్పాలిన్ కప్పుకుని పడుకుంటుంది. మా వీధిలోనే అలాంటివి మూడు ఉన్నాయి.

అల్యూమినియమే ఎందుకంటే, ముందు కారణం బరువు. నీటి కంటే ఇనుము దాదాపు ఎనిమిది రెట్లు బరువైతే, అల్యూమినియం 2.7 రెట్లే. తుప్పు పట్టి రాలిపోదు, రంగు వెయ్యకపోయినా ఏళ్ల తరబడి ఉంటుంది, రాయి తగిలితే సొట్ట పడుతుంది కానీ ఫైబర్‌గ్లాస్‌లా చిట్లదు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు చేసిన గ్రమ్మన్ కంపెనీ యుద్ధం ముగిసే రోజుల్లో అదే లోహంతో కెనూలు చేయడం మొదలుపెట్టింది. మిన్నెసోటాలో ఆలుమాక్రాఫ్ట్ 1946లో, లండ్ 1948లో మొదలయ్యాయి. నేడు చిన్న పడవలకు ఎక్కువగా వాడేది 5052 అనే రకం మిశ్రమలోహం. అందులో కలిసే మెగ్నీషియం వల్ల నీటిని బాగా తట్టుకుంటుంది.

ఇక ఎంపిక. ముందు పడవను కాదు, నీటిని చూడండి. మా దగ్గర మిల్ లాక్స్ అనే సరస్సు ఉంది. దాదాపు 1,32,000 ఎకరాలు. లోతు తక్కువ, విస్తీర్ణం ఎక్కువ. గాలి లేచిందంటే కాసేపట్లోనే పెద్ద పెద్ద అలలు లేస్తాయి. అక్కడికి చిన్న పడవ వేసుకుని వెళ్లకూడదు. మనకు కావలసింది రెండు మూడు వందల ఎకరాల సరస్సు, ఎటు చూసినా ఒడ్డు కనిపించే నీరు. కొన్ని సరస్సుల్లో పెట్రోలు మోటార్లకు అనుమతి లేదు, బ్యాటరీ మోటారే వాడాలి. మన ఈడువాళ్లకు అవే హాయి.

అలాంటి నీటికి రెండు రకాల పడవలున్నాయి. ఒకటి జాన్ బోట్. అడుగు బల్లపరుపుగా, ముందు భాగం చదరంగా ఉంటుంది. మోకాలి లోతు నీటిలోనూ పోతుంది, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తక్కువగా ఊగుతుంది. అల వస్తే మాత్రం దబదబా కొట్టుకుంటుంది, నీళ్లు మొహాన చిమ్ముతుంది. రెండోది వీ ఆకారపు అడుగు ఉన్నది. ముందు భాగం నీటిని కోసుకుంటూ పోతుంది, అలల్లో మెత్తగా నడుస్తుంది. కానీ ఒడ్డున ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టినప్పుడు పక్కకు ఒరుగుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి, నిలకడ నీటికి, నా ఓటు జాన్ బోట్‌కే. అప్పుడప్పుడు పెద్ద సరస్సుకు పోవాలనుకునేవారు వీ రకం చూసుకోవచ్చు.

కొలతలు చెబుతాను. అంగట్లో 1436, 1448 అని అంకెలు కనిపిస్తాయి. మొదటి రెండు అంకెలు పొడవు అడుగుల్లో, తర్వాతి రెండు అడుగు భాగం వెడల్పు అంగుళాల్లో. పొడవు ఒకటే అయినా 36 అంగుళాల దానికీ 48 అంగుళాల దానికీ నులకమంచానికీ పందిరిమంచానికీ ఉన్నంత తేడా ఉంది. పొడవు తగ్గించుకున్నా ఫరవాలేదు కానీ వెడల్పు తగ్గించుకోవద్దు.

ఇక్కడ మా సైన్సు మాస్టారు నేర్పిన ఆర్కిమెడీస్ సూత్రాన్ని ఒకసారి తలుచుకోవాలి. నాలుగడుగుల వెడల్పున్న పడవ అడుగు పన్నెండు అడుగుల మేర నీటిని తాకుతుందనుకుందాం. అది 48 చదరపు అడుగులు. పడవ ఒక అంగుళం మునిగితే 4 ఘనపుటడుగుల నీటిని తొలగిస్తుంది. ఘనపుటడుగు నీరు 62.4 పౌండ్లు. అంటే ప్రతి అంగుళానికీ 250 పౌండ్ల బరువు మోస్తుందన్నమాట. పడవ 300, భార్యాభర్తలిద్దరూ కలిసి 320, మోటారు, బ్యాటరీ, కూజా, పులిహోర డబ్బా అన్నీ కలిపి 130 అనుకుంటే మొత్తం 750 పౌండ్లు. సరిగ్గా మూడంగుళాలు మునుగుతుంది. ఇరవై అడుగులలోపు పడవలకు అమెరికాలో ఎంతమంది ఎక్కవచ్చో, ఎంత బరువు మోస్తుందో చెప్పే పలక బిగించి ఉంటుంది. పలక లేకపోతే, పొడవును వెడల్పుతో గుణించి 15తో భాగించడం ఒక మోటు లెక్క. 14 అడుగుల పొడవు, పైభాగాన 5 అడుగుల వెడల్పు ఉంటే నలుగురు. అది కూడా ఒక్కొక్కరు 150 పౌండ్లు అనుకుని. పండక్కి పిల్లలొచ్చారని ఆరుగురిని ఎక్కించకండి. రెండు విడతలుగా తిప్పండి.

అతుకుల సంగతి. రివెట్లు కొట్టిన పడవలు తేలిక, చవక. ఏళ్లు గడిచాక కొన్ని రివెట్లు వదులై నీరు చెమరుస్తుంది, మళ్లీ బిగించుకోవచ్చు. వెల్డింగ్ చేసినవి మందం రేకుతో వస్తాయి, గట్టివి, బరువెక్కువ. నిలకడ నీటికి, ఇద్దరు మనుషులకు రివెట్ల పడవ చాలు. లోపల నేలకు చెక్క వేయించుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి. చెదలు పట్టకుండా రాగి మందు పట్టించిన చెక్కను అల్యూమినియానికి తాకించకూడదు. రాగి, అల్యూమినియం, తడి, ఈ మూడూ ఒకచోట చేరితే రేకు చిల్లులు పడుతుంది.

పాత పడవ కొనడంలో తప్పేమీ లేదు. చూడవలసింది మూడు. ఒకటి, పడవను ట్రైలర్ మీద ఉంచే లోపల కొంచెం నీళ్లు పోయించి, కిందికి వంగి ఎక్కడ చుక్క కారుతోందో చూడండి. ఒడ్డున బయటికి కారేది, సరస్సులో లోపలికి కారుతుంది. రెండు, మోటారు బిగించే వెనుక పలకలో సాధారణంగా చెక్క ఉంటుంది. మోటారును పట్టుకుని పైకీ కిందికీ ఊపితే పలక కదులుతోందంటే చెక్క కుళ్లిందని అర్థం. మూడు, ట్రైలర్ చక్రాల బేరింగులు. పడవ బాగుండి దారిలో చక్రం ఊడితే ఏం లాభం? ఇవి చూసుకున్నాక కాగితాలు, పడవ మీద చెక్కి ఉండే పన్నెండు అక్షరాల నంబరు ఒకటో కాదో సరిచూసుకోండి.

మోటారుకు వస్తే, బ్యాటరీతో నడిచే చిన్న మోటారు మన అవసరానికి సరిపోతుంది. మొత్తం బరువులో ప్రతి 100 పౌండ్లకు కనీసం 2 పౌండ్ల తోపు ఉండాలని లెక్క. మన 750 పౌండ్లకు 15 చాలు, ఎదురుగాలికి చూసుకుని 40 తీసుకుంటే నిశ్చింత. పాత సీసం బ్యాటరీ 60 పౌండ్ల పైన తూగుతుంది. అదే సామర్థ్యం ఉన్న లిథియం బ్యాటరీ అందులో సగం కూడా ఉండదు. ధర ఎక్కువే. కానీ నడుముకు ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే తక్కువ. ఎన్ని మోటార్లున్నా రెండు తెడ్లు మాత్రం పడవలో ఉండి తీరాలి. పెట్రోలు మోటారు పెట్టుకునేవారికి 2021 ఏప్రిల్ 1 నుంచి ఒక నిబంధన వచ్చింది. 3 హార్స్‌పవర్, ఆ పైన ఉండి, మోటారు ఆపే మీట అమర్చిన చిన్న పడవల్లో నడిపే మనిషి ఆ మీట తాడును ఒంటికి తగిలించుకోవాలి. మనిషి నీళ్లలో పడితే మోటారు ఆగిపోతుంది. లేకపోతే ఖాళీ పడవ వెనక్కి తిరిగి వచ్చి మనిషినే కొట్టవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం మనమెవరం మర్చిపోలేదు. అది వరద గోదావరి. నేను చెబుతున్నది అద్దంలాంటి సరస్సు. కానీ అమెరికా కోస్ట్‌గార్డ్ లెక్కలు చూడండి. 2023లో సరదా పడవల ప్రమాదాల్లో 564 మంది పోయారు. కారణం తెలిసిన మరణాల్లో నూటికి 75 నీట మునగడం వల్లే. అలా మునిగినవారిలో నూటికి 87 మంది లైఫ్ జాకెట్ వేసుకోలేదు. చాలా పడవల్లో జాకెట్ ఉంటుంది, సీటు కింద ఉంటుంది. పడ్డాక సీటు కింద నుంచి ఎవరు తీసిస్తారు? చట్టం మనిషికొక జాకెట్ పడవలో ఉంటే చాలంటుంది. మన వయసు మాత్రం దాన్ని ఒంటి మీదే ఉంచుకోమంటుంది.

"నాకు గోదావరి ఈత వచ్చు" అంటారు మనవాళ్లు. మే నెలలో మిన్నెసోటాలో ఎండ హాయిగా కాస్తుంది, నీరు మాత్రం అంతకు కొద్దివారాల క్రితం దాకా మంచే. మానిటోబా విశ్వవిద్యాలయంలో చలి మీద పరిశోధించిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఒక సూత్రం చెప్పారు: ఒకటి, పది, ఒకటి. బాగా చల్లని నీటిలో పడ్డాక ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం. చేతులూ కాళ్లూ మన మాట వినేది పది నిమిషాలు. స్పృహ తప్పడానికి దాదాపు ఒక గంట. జాకెట్ లేనివాడు ఆ మొదటి నిమిషంలోనే పోవచ్చు, ఈత వచ్చినా సరే. ఎగదీసిన మొదటి ఊపిరితోనే నీళ్లు లోపలికి పోతాయి.

ఇంకొకటి. పడ్డాక పడవలోకి తిరిగి ఎక్కగలమా? ఇరవయ్యేళ్ల కుర్రాడు చేతుల మీద లేచి ఎక్కుతాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, తడిసిన బట్టలతో, ఎక్కలేడు. పక్కనుండే భార్య లాగబోతే ఆమె కూడా పడుతుంది. అందుకే పడవ వెనుక బిగించే చిన్న నిచ్చెన మీ మొదటి కొనుగోలు కావాలి. చేపల గేలం, గొడుగు, కుషన్ సీటు అన్నీ దాని తర్వాతే. కొన్న మొదటి వారం, నడిఎండాకాలంలో, నడుము లోతు నీటిలో జాకెట్ వేసుకుని దిగి, ఆ నిచ్చెన మీదుగా ఎక్కి చూడండి. ఇద్దరూ చూడండి. ఎక్కలేకపోతే ఆ నిచ్చెన మార్చండి, లేదా పడవ మార్చండి. అమ్మేవాళ్లెవరూ ఈ పరీక్ష చెప్పరు.

ఇక ఇక్కడున్న పెద్దలకు చెప్పవలసింది. ఎండాకాలంలో మీరు పిల్లల దగ్గరకు అమెరికా వెళ్తారు. ఒక ఆదివారం అల్లుడుగారో, అబ్బాయో "రండి, బోటులో తిప్పుతాం" అంటారు. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కానీ ఎక్కేముందు మూడు ప్రశ్నలు అడగండి. "బాబూ, ఇందులో ఎంతమంది ఎక్కవచ్చని రాసి ఉంది? నా కొలతకు సరిపోయే జాకెట్ ఉందా? మనం ఎక్కడికి వెళ్తున్నామో, ఎప్పటికి వస్తామో ఒడ్డున ఎవరికైనా చెప్పావా?" జాకెట్ చీర మీదైనా పడుతుంది, పంచె మీదైనా పడుతుంది. ఫొటోలో బాగుండదని మొహమాటపడకండి. మీరు వేసుకుంటే మనవలు కూడా వేసుకుంటారు. ఎక్కేటప్పుడు పడవ నడిమధ్యన అడుగు పెట్టండి, వెంటనే కూర్చోండి. ఫొటో కోసం నిలబడకండి.

కొత్తగా కొనే మిత్రులకు ఇంకో మాట. అక్కడ కోస్ట్‌గార్డ్ ఆక్సిలరీ అనే స్వచ్ఛంద సేవకులు ఇంటికో రేవుకో వచ్చి ఉచితంగా పడవను పరీక్షించి పెడతారు. లోపం ఉంటే చెబుతారు, జరిమానా వేయరు. వాళ్లలో చాలామంది మనలా రిటైరైనవారే. ఒక గంట కూర్చోబెట్టుకుని కాఫీ ఇస్తే, ఆ చుట్టుపక్కల ఏ సరస్సు ఎలాంటిదో ఏ పుస్తకంలోనూ లేని సంగతులు చెబుతారు. ఉద్యోగం పోయాక తగ్గిపోయే స్నేహాలు అలా మళ్లీ చిగురిస్తాయి.

పెద్ద పడవ కొన్నవాణ్ణి ఊరంతా చూస్తుంది. చిన్న పడవ కొన్నవాడు ఊరంతా చూస్తాడు. తేలిగ్గా దించగలిగినది, వెడల్పుగా కుదురుగా ఉండేది, వెనుక నిచ్చెన ఉన్నది కొనుక్కోండి. జాకెట్ తొడుక్కోండి. ఇంటావిడను కూడా నడపడం నేర్చుకోమనండి. మీకేమైనా అయితే ఒడ్డుకు చేర్చవలసింది ఆవిడే కదా.