దోక్కుపోయిన గాయం: ఏడుపు కాదు, లోతు చూడండి



పెద్ద జబ్బుల గురించి చెప్పడానికి డాక్టర్లున్నారు. ఈ పూట మేము మాట్లాడదలచినది మోకాలు దోక్కుపోయిన సంగతి. ఇదీ ఒక విషయమేనా అని నవ్వేవారు నవ్వవచ్చును. ఒకప్పుడు మేమూ నవ్విన వాళ్లమే.

మా ఇంటి కుర్రవాడు కంకర రోడ్డుమీద సైకిలుతో పడ్డాడు. మోచెయ్యి వెడల్పుగా గీరుకుపోయి ఒకటే ఏడుపు. ఇంటిల్లిపాదీ ఆ చేతి చుట్టూ చేరాం. కాలి గాయం గురించి వాడేమీ అనలేదు గనుక, వాడి నానీ దానిమీద కాఫీపొడి అద్ది ఊరుకుంది. నాలుగో రోజుకు చెయ్యి తేరుకుంది, కాలు వాచింది. డాక్టరుగారు ఆ పెచ్చు నానబెట్టి తీస్తే అడుగున కంకర నలుసులు, చీము!

చర్మానికి పైపొర ఒకటి, దానికింద అసలు చర్మం, ఆ కింద కొవ్వు. పైపొర మాత్రమే గీరుకుంటే రక్తం రాదు, మచ్చ లేకుండా మానుతుంది. రెండో పొర దాకా పోతే సూదిమొనల్లాగా రక్తపు చుక్కలు వస్తాయి. నరాల కొసలు బయటపడతాయి కాబట్టి మంట ఎక్కువ. ఒక్కొక్కప్పుడు లోతైన కోతకన్నా ఇదే ఎక్కువ మండుతుంది. మూడో రకంలో చర్మమే లేచిపోయి కొవ్వో కండో కనిపిస్తుంది. దానికి ఇంటి వైద్యం లేదు, ఆసుపత్రే.

మిగతా వాటికి, ముందు మన చేతులు సబ్బుతో కడుక్కుని, గాయంమీద మంచినీళ్లు ధారగా అయిదు నిమిషాలైనా పొయ్యాలి. పిల్లవాడు గోల పెడతాడు, పెట్టనివ్వండి. నలుసు మిగిలితే చీము పట్టవచ్చు, లేదా పచ్చబొట్టులా మచ్చ ఉండిపోవచ్చు. పైన వాజిలైను పల్చగా రాసి, శుభ్రమైన గుడ్డ కట్టి రోజూ మార్చాలి. గాలికి ఆరనివ్వమంటారు పెద్దలు. కాని తడి ఆరని గాయమే త్వరగా మానుతుందని జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు 1962లోనే చూపించాడు. కాఫీపొడి వంటింట్లోనే ఉండనిద్దాం. మట్టి, పేడ అయితే మరీ ప్రమాదం, ధనుర్వాతం క్రిములుంటాయి.

పది నిమిషాలు ఒత్తిపట్టినా రక్తం ఆగకపోయినా, నలుసు రాకపోయినా, చుట్టూ ఎరుపు పాకుతున్నా, జ్వరం తగిలినా ఆలస్యం చెయ్యకండి. షుగరున్న పెద్దలు పాదంమీద ఎంత చిన్న గాయమైనా చూపించుకోవాలి.

మురికి గాయమైతే ధనుర్వాతం ఇంజక్షను వేయించి అయిదేళ్లు దాటిందా అని డాక్టరు అడుగుతారు. శుభ్రమైన చిన్న గాయానికైతే పదేళ్లు. ఆ రోజు మమ్మల్నీ అడిగారు. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇప్పుడు మా ఇంట్లో అందరి ఇంజక్షను తేదీలూ ఒక చీటీమీద రాసి, రేషనుకార్డుతో పాటు పెట్టెలో పెట్టుకున్నాం.