చరిత్ర ఉపాధ్యాయ వృత్తి – ఒక విద్యార్థిని సందేహాలు

(డిగ్రీ కళాశాల చరిత్ర విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



చరిత్ర చదువుకున్నవారికి గల ఉపాధి అవకాశాల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. దానితోపాటు మీరు రాసి ఇచ్చిన ప్రశ్నలను కూడా అందజేశారు. వాటిలో బి.ఎ. చివరి సంవత్సరం చదువుతున్న ఒక ముస్లిం విద్యార్థిని రాసిన ప్రశ్న మిగిలిన వాటన్నింటినీ తనలో ఇముడ్చుకొని ఉంది. ఆమెకు చరిత్ర అంటే ఇష్టం. ఉపాధ్యాయురాలు కావాలని కోరిక. కాని మూడు సందేహాలు ఆమెను వెనక్కి లాగుతున్నాయి. ఈ చదువుతో ఉద్యోగం వస్తుందా? ముస్లిం పేరు గల తాను ఔరంగజేబు గురించో, రజాకార్ల గురించో పాఠం చెబితే పిల్లలు, వారి తల్లిదండ్రులు నమ్ముతారా? పాఠ్యపుస్తకాలే మారిపోతున్నప్పుడు ఒక ఉపాధ్యాయురాలు చేయగలిగినది ఏముంటుంది? ఈ మూడూ గౌరవించదగిన సందేహాలు. కాబట్టి నా ప్రసంగాన్ని వాటికి సమాధానంగానే సాగిస్తాను.

ముందుగా కూటి సంగతి. ఇందులో ఎవరినీ భ్రమలో పెట్టకూడదు. బి.ఎ. తర్వాత రెండేళ్ళ బి.ఎడ్., ఆపైన టెట్, ఆ తర్వాత డి.ఎస్.సి. పరీక్ష – ప్రభుత్వ పాఠశాలలో సాంఘికశాస్త్ర ఉపాధ్యాయ పదవికి ఇది మార్గం. తెలంగాణలో 2024లో జరిగిన డి.ఎస్.సి.లో మొత్తం 11,062 పోస్టులు ఉన్నాయి. అంకె పెద్దదే. కాని అందులో స్కూల్ అసిస్టెంట్ పోస్టులు అన్ని సబ్జెక్టులకూ కలిపి 2,629 మాత్రమే. దానికి ముందు నియామకాలు జరిగినది 2017 నాటి ప్రకటన కింద. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత 2025లో గాని 16,347 పోస్టులతో మెగా డి.ఎస్.సి. జరగలేదు. అంటే రెండు రాష్ట్రాల్లోనూ ఒక తరం అభ్యర్థులు ఏడేళ్ళపాటు ఎదురుచూశారు. ఈ నిరీక్షణను లెక్కలోకి తీసుకోకుండా నిర్ణయం చేయడం ప్రమాదకరం.

అందువల్ల ఒకే ద్వారం వద్ద నిలబడి ఉండవద్దు. బి.ఎడ్.తో ఆగిపోకుండా ఎం.ఎ. పూర్తి చేస్తే జూనియర్ లెక్చరర్ పరీక్షకు అర్హత లభిస్తుంది. నెట్ లేదా సెట్ ఉత్తీర్ణులైతే డిగ్రీ కళాశాల మార్గం తెరుచుకుంటుంది. తెలంగాణలో 2016 నుంచి ఏర్పడిన మైనారిటీ గురుకులాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటికీ సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు కావాలి. ప్రైవేటు పాఠశాలల్లో జీతం తక్కువ, పని ఎక్కువ. అయినా పాఠం చెప్పే నేర్పు అక్కడ అలవడుతుంది.

రిజర్వేషన్ విషయం కూడా తెలుసుకోవాలి. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన 14 ముస్లిం సమూహాలకు 2007 నాటి చట్టం బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినా సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు వల్ల అది కొనసాగుతూ వచ్చింది. దూదేకుల, నూర్‌బాష్ వర్గాలవారు బి.సి.-బి జాబితాలో ఉన్నారు. అర్హత ఉండి కూడా ధ్రువపత్రం సమయానికి తీసుకోక అవకాశం పోగొట్టుకోవడం ఎంతో విచారకరం. ఆ పని నోటిఫికేషన్ వచ్చేవరకు వాయిదా వేయవద్దు.

ఇక రెండో సందేహం. ఇది అన్నింటికన్నా బరువైనది. చరిత్ర తరగతిలో ముస్లిం ఉపాధ్యాయురాలి కోసం లోకం రెండు పాత్రలను సిద్ధంగా ఉంచుతుంది. ఒకటి, సుల్తానుల తరఫున, పాదుషాల తరఫున వాదించే వకీలు పాత్ర. రెండోది, వారు చేసిన ప్రతి పనికీ బోనెక్కి సంజాయిషీ ఇచ్చే ముద్దాయి పాత్ర. మన పిల్లలు తెలియకుండానే ఈ రెండింటిలో ఒకదానిలోకి జారిపోతుంటారు. రెండింటినీ నిరాకరించడమే ఈ వృత్తికి తొలి అర్హత అని నా అభిప్రాయం. ఔరంగజేబు మనకు తాత కాడు, వారసత్వంగా ఆస్తి ఇవ్వలేదు, అప్పూ మిగల్చలేదు. ఆయన భారతదేశాన్ని పాలించిన ఒక చక్రవర్తి. మిగిలిన చక్రవర్తులను ఏ ఆధారాలతో పరిశీలిస్తామో ఆయననూ ఆ ఆధారాలతోనే పరిశీలించాలి.

అది తరగతిలో ఎలా సాధ్యమో చూద్దాం. ఔరంగజేబు 1679లో జిజియా పన్నును తిరిగి విధించాడు. ఆయన ఆజ్ఞలతో కొన్ని ఆలయాలు ధ్వంసమయ్యాయి. ఈ మాటలను తడబడకుండా చెప్పాలి. ఆ వెంటనే మరొక వాస్తవాన్ని పిల్లల ముందుంచాలి. చరిత్రకారుడు అథర్ అలీ వెయ్యి జాత్, అంతకు పై స్థాయి మన్సబుదారులను లెక్కించి చూపాడు. ఔరంగజేబు పాలన తొలి భాగంలో వారిలో హిందువులు సుమారు 21.6 శాతం, 1679 తర్వాతి కాలంలో సుమారు 31.6 శాతం. జిజియా తిరిగి వచ్చిన తర్వాత హిందూ అధికారుల సంఖ్య పెరగడమేమిటి? వకీలు ఇక్కడ సంబరపడి, చక్రవర్తి సహనశీలి అని తీర్పు చెప్పేస్తాడు. ఉపాధ్యాయురాలు అలా చెప్పకూడదు. ఆ పెరుగుదలకు ప్రధాన కారణం దక్కను యుద్ధాలు. మరాఠా సర్దారులను తనవైపు తిప్పుకోవడానికి చక్రవర్తి వారికి పదవులిచ్చాడు. రాజ్యావసరం, మత విధానం ఒకే మనిషిలో పక్కపక్కనే పనిచేశాయి. పిల్లలు ఈ చిక్కును అర్థం చేసుకుంటే చాలు. వారికి చక్రవర్తి మీద ప్రేమగాని ద్వేషంగాని కలిగించడం మన బాధ్యత కాదు.

మన గడ్డకు సంబంధించిన ఉదాహరణ గోల్కొండ. 1687లో సుమారు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఆ కోట మొగలుల వశమైంది. ముట్టడించిన చక్రవర్తి ముస్లిం, ఓడిపోయిన అబుల్ హసన్ తానీషా ముస్లిం. ఆ తానీషా ఆస్థానంలో సర్వాధికారం నెరపిన మంత్రులు అక్కన్న, మాదన్నలు బ్రాహ్మణులు. లంచానికి లొంగి కోట ద్వారం తెరిచిన అధికారీ ముస్లిమే, ఒళ్ళంతా గాయాలైనా చివరిదాకా పోరాడిన అబ్దుర్రజాక్ లారీ ముస్లిమే. రామదాసును చెరసాలలో పెట్టించినవాడిగా, భద్రాచలం శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారానికి మూలపురుషుడిగా తెలుగువారు చెప్పుకొనేది కూడా ఈ తానీషానే. ఈ ఒక్క పాఠాన్ని శ్రద్ధగా బోధిస్తే, గతమంతా రెండు మతాల మధ్య యుద్ధమే అనే మాటను పిల్లలే ప్రశ్నిస్తారు. ఉపాధ్యాయురాలు ఉపన్యసించవలసిన అవసరమే ఉండదు.

ఇంతకన్నా కఠినమైన పరీక్ష సెప్టెంబర్ 17. 1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌కు లొంగిన ఆ రోజును కేంద్ర ప్రభుత్వం విమోచన దినమంటుంది. రాష్ట్ర ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినమన్నది, 2024లో ప్రజాపాలన దినమన్నది. పేరు మీదనే ఏకాభిప్రాయం లేని దినాన్ని ఒక ముస్లిం ఉపాధ్యాయురాలు ఎలా బోధించాలి?

పూర్తిగా బోధించాలి. రజాకార్ల దౌర్జన్యాలను చెప్పాలి. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగిన హత్యాకాండను చెప్పాలి. అదే ఆగస్టు నెలలో, 22వ తేదీన, హైదరాబాదులో రజాకార్లు నరికి చంపిన ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ గురించి చెప్పాలి. సంస్థానం భారతదేశంలో కలవాలని ఉర్దూలో రాసినందుకు ప్రాణమిచ్చిన ముస్లిం ఆయన. భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి హతుడైన షేక్ బందగీ గురించి చెప్పాలి. నిజాం పాలనతో తలపడిన కమ్యూనిస్టు కవి మఖ్దూం మొహియుద్దీన్ గురించి చెప్పాలి.

పోలీసు చర్య తర్వాత జరిగినదాన్ని కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం ఆ ఏడాది చివరలో సంస్థానంలో పర్యటించి, తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా కట్టింది. మృతుల్లో అత్యధికులు రజాకార్లతో సంబంధం లేని సామాన్య ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజలకు అందుబాటులో లేదు. 2013 నాటికి గాని పరిశోధకులు చూడగల స్థితి రాలేదు. అదే నివేదికలో మరొక విషయమూ నమోదై ఉంది. పలుచోట్ల హిందువులు తమ ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగులను కాపాడారు. ముఖ్యంగా ఒకే వృత్తివారి మధ్య ఈ ఆత్మీయత బలంగా కనిపించింది. సాలె కుటుంబాలు తోటి ముస్లిం నేతపనివారికి అండగా నిలిచాయి. బైరాన్‌పల్లి లేకుండా సుందర్‌లాల్ నివేదికను, ఆ నివేదిక లేకుండా బైరాన్‌పల్లిని చెప్పే ఉపాధ్యాయుడు ఏ మతంవాడైనా సగం పాఠమే చెప్పినట్లు. రెండింటినీ చెప్పగలిగిన ఉపాధ్యాయురాలి పేరు ఏమిటని అడిగే తల్లిదండ్రులు ఉండవచ్చు. కాని ఏడాది గడిచేసరికి ఆమె పాఠమే వారికి జవాబు చెబుతుంది.

మూడో సందేహం పాఠ్యపుస్తకాల గురించి. ఎన్.సి.ఇ.ఆర్.టి. పన్నెండో తరగతి చరిత్ర పుస్తకం నుంచి మొగలు ఆస్థానాల అధ్యాయం భారం తగ్గించే పేరుతో తొలగిపోయి 2023 నాటి కొత్త ముద్రణలో కనిపించలేదు. 2025లో వచ్చిన ఎనిమిదో తరగతి పుస్తకంలో సుల్తానుల, మొగలుల పాలనలోని హింసకు ప్రాధాన్యం పెరిగింది. గతంలో జరిగినవాటికి నేటివారెవరినీ బాధ్యులను చేయరాదనే సూచన కూడా ఆ పుస్తకంలోనే ఉంది. ఆ సూచనను తరగతిలో బిగ్గరగా చదివించండి. బెంచీ మీద తలవంచుకొని కూర్చున్న మన బిడ్డకు అది హక్కుపత్రం వంటిది.

ఉపాధ్యాయురాలికి పుస్తకాన్ని మార్చే అధికారం లేదు. కాని పుస్తకం వెలుపలి ఆధారాన్ని పిల్లల ముందుంచే అవకాశం ఉంది. ఊళ్ళోని శాసనం, పాత మసీదు, ఆలయ మండపం, పీర్ల పండుగకు హిందువులూ ముస్లింలూ కలిసి కొలిచే ఆషూర్‌ఖానా – ఇవన్నీ ఆధారాలే. తొలి అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రను పొన్నిగంటి తెలగనార్యుడు పటాన్‌చెరు ప్రాంత పాలకుడు అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అయితే నేటి పరిస్థితుల్లో జాగ్రత్తా అవసరమే. తరగతిలో చెప్పిన ఒక్క మాటను తెంచి ఫోన్‌లలో తిప్పే రోజులివి. కాబట్టి ప్రతి వాస్తవానికి ఆధారాన్ని పాఠ్యప్రణాళిక నోటుపుస్తకంలో రాసి ఉంచుకోండి. వాస్తవాన్ని, మీ అభిప్రాయాన్ని వేర్వేరుగా చెప్పండి. వివాదాస్పదమైన పాఠానికి ముందు ప్రధానోపాధ్యాయులతో మాట్లాడండి. ఇది పిరికితనం కాదు, వృత్తి క్రమశిక్షణ.

ఇక ఆమె అడగని ప్రశ్న ఒకటి ఉంది: ఈ వృత్తి వల్ల సమాజానికి ప్రయోజనమేమిటి? హైదరాబాదు సంస్థానంలో ఉర్దూ అధికార భాష. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే సాగింది. భూమి రికార్డులు, వక్ఫ్ ఆస్తుల ముంతఖబ్‌లు, సనదులు ఆ భాషలోనే ఉన్నాయి. తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలాల పారశీక పత్రాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. వాటిని చదవగలవారు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. 2025 నాటి వక్ఫ్ సవరణ చట్టం, దీర్ఘకాల వినియోగం ఆధారంగా ఒక ఆస్తిని కొత్తగా వక్ఫ్‌గా గుర్తించే పద్ధతిని తొలగించిన తర్వాత కాగితం విలువ మరింత పెరిగింది. శ్మశానమో దర్గా భూమో వివాదంలో పడినప్పుడు కావలసినది ఆవేశం కాదు, పాత లిపిని చదివి అర్థం చెప్పగలిగిన మనిషి. ఆ మనిషిని తయారు చేసేది చరిత్ర తరగతే.

అన్నింటికీ మించి మరొకటి ఉంది. తెలుగునేల మీద ముస్లింలు అనగానే పిల్లల మనసులో మెదిలేది గుర్రమెక్కిన రాజు. కాని మన పూర్వీకుల్లో అత్యధికులు దూది ఏకినవారు, నేత నేసినవారు, రాయి కొట్టినవారు, తోలు పని చేసినవారు, కూలినాలి చేసినవారు. రిజర్వేషన్ జాబితాల్లోని సమూహాల పేర్లే దానికి సాక్ష్యం. వారి చరిత్ర పాఠ్యపుస్తకంలోకి ఇంకా రాలేదు. అది రానంతకాలం ఏ రాజు చేసిన పనికైనా మన బిడ్డ జవాబుదారీ అవుతూనే ఉంటాడు.

కాబట్టి ప్రశ్న రాసిన చెల్లెమ్మకు నేను చెప్పేది ఇది. మీ సందేహాలను వదులుకోవద్దు. ప్రశ్నించే అలవాటు లేనివారు చరిత్ర చెబితే అది కథాకాలక్షేపమవుతుంది. ఈ ఏడాది మూడు పనులు చేయండి. కుల ధ్రువపత్రం తీసుకోండి. బి.ఎడ్. ప్రవేశ పరీక్షకు చదవడం మొదలుపెట్టండి. మీ ఊళ్ళో డెబ్బై ఏళ్ళు దాటిన పదిమంది పెద్దల వద్ద కూర్చొని, వారు చేసిన పని, కట్టిన పన్ను, చూసిన కరువు, విన్న 1948 గురించి అడిగి రాసుకోండి. హిందువులనూ ముస్లింలనూ ఇద్దరినీ అడగండి. వారి మాటలు ఒకదానితో ఒకటి కలవని చోట గీత గీసి ఉంచండి. మీ మొదటి పాఠం అక్కడ మొదలవుతుంది.