పలక నుంచి బోర్డు దాకా

బాసర అనగానే గోదారి ఒడ్డు, అక్షరాభ్యాసం, పసిపిల్లల చేతిలో పలక గుర్తొస్తాయి. అదే ఊళ్లో 2008లో ట్రిపుల్ ఐటీ మొదలైంది. పదో తరగతి కాగానే చేరితే ఆరేళ్లకు ఇంజినీరై బయటికొస్తారు. పల్లె బడుల పిల్లల కోసమే పెట్టిన చదువు అది.

వాళ్లలో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లకు ఒక మాట. అక్కడ జవాబొక్కటే చూడరు, దాన్ని పట్టుకున్న దారి చూస్తారు. "ఈ పదివేల సంఖ్యల్లో రెండుసార్లు వచ్చిందేదైనా ఉందా?" అని అడిగారనుకోండి. ఒక్కోదాన్నీ మిగతా వాటన్నిటితో పోల్చుకుంటూ పోతే దాదాపు 5 కోట్ల పోలికలు! చూసినవాటిని ఒక పట్టికలో రాసుకుంటూ వెళ్తే ఒక్క చుట్టులో తేలిపోతుంది. మొదటి దారి చెప్పి రెండోదానికి రావడం తప్పేం కాదు, అదే వాళ్లకు కావాలి.

ఇంగ్లిష్ తడబడితే తడబడనీయండి. మౌనంగా కూర్చుంటేనే చిక్కు. ఉద్యోగంలో చేరాక కూడా మీ కోడ్‌ను తోటివాళ్లు చదివి తప్పులు చూపిస్తారు, అది తిట్టు కాదు.

ఇవాళ రాత్రే దోస్తును ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక లెక్క పైకి చెప్తూ చేసి చూడండి.